దగ్గరి మన్నుకు ఎక్కువ మార్కులు

పర్యావరణానికి కీడు చేయని ఇల్లు కట్టుకోవాలని ఈ మధ్య నా దగ్గరికి సలహా కోసం వచ్చే చిన్నవాళ్ళు ఎక్కువయ్యారు. వస్తూనే ఫోను తీసి ఒక పట్టిక చూపిస్తారు. బూడిద ఇటుక మంచిదా, వెదురు మంచిదా, కాల్చని మన్ను ఇటుక మంచిదా అని అడుగుతారు. ఫోనుకు తెలిసినంత నాకు తెలియదు. తిరువళ్ళూరులో కట్టడాలకు సలహాలిచ్చే ఒక కంపెనీలో సామాను పరీక్షలు చేస్తూ ముప్పయ్యేళ్ళకు పైగా గడిపాను. ఇసుక జల్లెడ పట్టాను, ఇటుకలు విరగ్గొట్టాను, కాంక్రీటు దిమ్మలను మిషన్లో పెట్టి నలగ్గొట్టాను. రిటైరైన రోజు శాలువా కప్పి, నన్ను సంస్థకు పునాదిరాయి అన్నారు. పునాదిరాయిని భూమిలో పాతి పైన మన్ను కప్పేస్తారు కాబట్టి ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

పట్టికలు పట్టుకొచ్చేవాళ్ళకు నేను ఒకే ఒక్క కట్టడం గురించి చెబుతాను. అందులో తెలివితక్కువ పనులు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో చదువుకుని, తెలిసి, తప్పు చేసినదాన్ని నేను. ఎవరి పేర్లూ రాయను. పేర్లు రాస్తే వాళ్ళు పెద్దవాళ్ళయిపోతారు.

మాది తిరుత్తణి పక్కన చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చినందుకు ఆఫీసులో నాకు అదనంగా దక్కింది ఒకటే: ఎవరికి ఎవరి మాట అర్థం కాకపోయినా నన్ను పిలిచేవాళ్ళు. ఆ పని ఎంత చెడ్డదో నాకు రిటైర్మెంటుకు ఏడాది ముందు తెలిసింది.

ఒక ఫ్యాక్టరీ యజమానుల ధర్మ ట్రస్టు, తిరువళ్ళూరు దాటి ఊత్తుకోటకు పోయే రోడ్డు పక్కన, చెవులు వినపడని పిల్లలకు ఒక బడి కట్టాలని తలపెట్టింది. మంచి పని. కానీ వాళ్ళకు బడి ఒక్కటే చాలలేదు, గుమ్మం పక్కన ఆకు బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళ కూడా కావాలి. పర్యావరణానికి అనుకూలంగా కట్టారని ఒక సంస్థ వచ్చి చూసి, మార్కులు వేసి, ఆ బిళ్ళ ఇస్తుంది. దాన్ని సంపాదించిపెట్టడానికి చెన్నై నుంచి ఒక సలహాదారును తెచ్చారు. ముప్పయి అయిదేళ్ళుంటాయి. నార చొక్కా, నార సంచి, నార చెప్పులు. ప్రతిసారీ ఒక్కడే వచ్చేవాడు, ఏడుగురు పట్టే డీజిల్ కారులో.

మొదటి సమావేశంలో అతను తెర మీద బొమ్మలు వేసి, ఇటుకల బట్టీలు కట్టెలనూ బొగ్గునూ ఎట్లా మింగుతున్నాయో చెప్పాడు. మనం కాల్చని ఇటుకలతో కడదాం, మన్నులో కాస్త సిమెంటు కలిపి యంత్రంలో ఒత్తి, తడిగోనెల కింద ఆరబెడదాం అన్నాడు. దానితో నాకు పేచీ లేదు. సరైన మన్ను దొరికి, పునాది ఎత్తుగా వేసి, వాన జల్లు పడకుండా చూరు దింపితే అటువంటి గోడ తరాలు నిలుస్తుంది. సరైన మన్ను అనే మాట దగ్గరే ఉంది అంతా. సలహాదారు దృష్టిలో మన్ను అంటే మన్నే. అతను చెన్నైలో పదకొండో అంతస్తులో ఉండేవాడు.

మన్ను వెతికే పని నాకిచ్చారు. తిరుత్తణిలో కొండ వైపు ఒక కల్యాణ మండపానికి పునాదులు తవ్వుతుంటే అక్కడ ఎర్రటి గరప మన్ను గుట్టగా పోసి ఉంది. ఎవరి పొలమూ కాదు, ఎటూ పారబోసేదే. గాజు సీసాలో ఆ మన్ను వేసి, నీళ్ళు పోసి, బాగా కుదిపి పెట్టాను. తెల్లవారేసరికి అడుగున ఇసుక, పైన వండ్రు, ఆ పైన పల్చగా బంకమన్ను విడివిడిగా పేరుకున్నాయి. ఇటుకకు కావలసిన పాళ్ళే. కొన్ని ఇటుకలు ఒత్తించి, ఆరబెట్టి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి మిషన్లో పెట్టాను. నిలిచాయి. రిపోర్టు రాసి ఇచ్చాను.

సలహాదారు రిపోర్టులో ఒక్క అంకె కూడా చూడలేదు. "ఇక్కడికి ఎంత దూరం మేడమ్?" అని అడిగాడు. తిరుత్తణి అన్నాను. మొహం ముడుచుకున్నాడు. "లారీ పొగ లెక్కలోకి వస్తుంది. దగ్గరి మన్నుకు ఎక్కువ మార్కులు."

అయినా నా రిపోర్టు అతనికి పనికొచ్చింది. తరవాతి సమావేశంలో నేను సీసా పట్టుకుని నిలబడిన ఫోటో తెర మీద పెద్దగా కనిపించింది. కింద, స్థానిక మహిళ అనుభవ జ్ఞానం అని ఇంగ్లీషులో రాసి ఉంది. డిప్లొమా చదివి, మూడు దశాబ్దాలు ప్రయోగశాల నడిపిన మనిషిని నేను. ఆ రాతకు కోపం రావలసింది పోయి, ఫోటో అడిగి తీసుకుని చుట్టాలందరికీ పంపాను. నా తప్పు అక్కడ మొదలైందని ఇప్పుడు అనుకుంటాను. పొగిడినవాడి కాగితం మీద సంతకం పెట్టడం సులభం.

కొన్నాళ్ళకు లారీలు రావడం మొదలైంది. దిగిన మన్ను ఎర్రగా లేదు, ముదురు గోధుమ రంగులో, తడితడిగా ఉంది. అక్కడక్కడా వరి దుబ్బుల వేర్లు కూడా కనిపించాయి. మేనేజరును అడిగాను. ఆయనా నేనూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. పొన్నేరి వైపు నుంచి రోజూ రైళ్ళు మారి వచ్చేవాడు. ఎవరికీ చెడు చేయని మనిషి, ఎవరికీ అడ్డుపడని మనిషి కూడా. లేనిపోని తగాదాను తమిళంలో వంబు అంటారు, ఎవరు ఏ అనుమానం ఎత్తినా ఆయన జవాబు ఆ మాటతోనే మొదలయ్యేది.

"మనకెందుకమ్మా వంబు. అదే మన్ను, వానకు తడిసి నల్లబడింది."

తడిస్తే మన్నులో వేర్లు మొలుస్తాయా అని నేను అడగలేదు.

అడిగింది మేస్త్రి. ఆయనదీ తిరుత్తణి పక్కే, తెలుగు క్రైస్తవ కుటుంబం. తాత, తండ్రి అందరూ గోడలు కట్టినవాళ్ళే. అరవై దాటినా తాడు పట్టకుండా కంటితోనే గోడ వంకర చెప్పేవాడు. ఒక పూట నా బల్ల దగ్గరికి వచ్చి, పిడికిట్లో మన్ను ముద్ద తెరిచి చూపించాడు.

"ఇది యాడిదో మడి మన్నమ్మా. సబ్బు మాదిరి జారతా ఉండాది. ఒత్తినాక అచ్చుకు అతుక్కుంటా ఉండాది. ఆరితే పగులు ఇస్తాది, తడిస్తే కరిగిపోతాది. మీరు సీసాలో ఏసి సూసిన మన్ను ఇది కాదు."

"రిపోర్టులో అదే మన్ను అని ఉంది మేస్త్రీ," అన్నాను.

"రిపోర్టు రాసింది మీరే గదమ్మా."

ఒక సీసా తెచ్చి మళ్ళీ చూడటానికి నాకు పట్టే శ్రమ ఏమీ లేదు. కానీ పరిశీలన తేదీ ఖరారైపోయింది. పని ఆగితే మేనేజరు నొచ్చుకుంటాడు, సలహాదారు ముఖం మాడ్చుకుంటాడు, నేను ఏడాదిలో ఇంటికి పోతాను. ప్రతి వారం లారీల పత్రం నా బల్ల మీదికి వచ్చేది. అందులో 'మన్ను వచ్చిన చోటు' అనే గడి ఉంటుంది. 'ముందు చెప్పినదే' అని రాసి సంతకం పెట్టాను; అది నేను చెప్పిన తిరుత్తణా, సలహాదారు రాసుకున్న దగ్గరి చోటా అని ఆ గడి అడగదు. ఒకసారి కాదు, ప్రతి వారమూ.

గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. అక్టోబరులో తమిళుల ఐప్పసి నెల వచ్చింది, దానితో పాటు మా వైపు ఎప్పుడూ వచ్చే వానా వచ్చింది. గోడల మీద నీలం టార్పాలిన్లు కప్పారు. అటువంటి ముసురులో పరిశీలకుడు వచ్చాడు. ఉత్తరాది మనిషి, హిందీ ఇంగ్లీషు తప్ప రావు. చేతిలో ఒక ఫారం, దాని నిండా గడులు. ఆయన గోడల వైపు తిరిగి చూసింది తక్కువ, గడుల వైపు చూసింది ఎక్కువ. సలహాదారు గొడుగు పట్టుకుని వెంట నడుస్తూ ఒక్కో గడికీ ఒక్కో కథ చెబుతున్నాడు.

వాళ్ళు ఇటుకల దొంతుల దగ్గర ఉండగా ఒకామె గేటు దాటి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి ఉంది, కాళ్ళ నిండా బురద. కాపలావాడు అడ్డం పోయాడు గానీ, ఊరి మనిషి కనిపించేసరికి సలహాదారు కళ్ళు మెరిశాయి. రానివ్వమన్నాడు. ఫారంలో స్థానిక రైతులకు ఈ కట్టడంతో సంబంధం ఉందా అనే గడి ఒకటి ఖాళీగా మిగిలి ఉంది.

ఆమె తమిళంలో రెండు మాటలు మొదలుపెట్టి, నా మాట విని తెలుగులోకి మారింది.

"ఈ మన్ను నాదమ్మా. తామరైపాక్కం కాడ నా మడిలోది. మడి మెరకగా ఉండాది, కాలవ నీళ్ళు ఎక్కడం లేదు. ఒకాయన వచ్చి, జానెడు చెక్కి సదును చేస్తాము, ఊరికే చేస్తాము అనినాడు. నేను సరే అంటి. మా అక్క కూతురి కాన్పుకని ఊత్తుకోటకు పోయుంటి, మూడు దినాలు. తిరిగొచ్చేతలికి నడుములోతు తోడేసినారు. అడుగున గట్టి జిగట తేలింది. నీళ్ళు పెడితే ఇంకడం లేదు, నాటితే వేరు దిగడం లేదు. లారీ డ్రైవర్ని పట్టుకుని అడిగితే ఈ బడికని చెప్పినాడు. ఇక్కడ ఎవురిని అడగాల నేను?"

పరిశీలకుడు నా వైపు తిరిగి, ఆమె ఏమంటోంది అన్నాడు. సలహాదారు నా చెవి దగ్గర తమిళంలో మెల్లగా అన్నాడు. "సంతోషంగా ఉందని చెప్పేయండి మేడమ్. ప్లీజ్."

నేను ఆ మాట చెప్పలేదు. అబద్ధం చెప్పడానికి కూడా కొంచెం ధైర్యం కావాలి. "ఈ మన్ను ఆమె పొలంలోదట. చూడటానికి వచ్చింది," అని ఇంగ్లీషులో చెప్పాను. ప్రతి మాటా నిజం. నిజాన్ని తల దగ్గరా కాళ్ళ దగ్గరా కోసేసి, నడిమి ముక్క ఆయనకు పెట్టాను.

పరిశీలకుడు చాలా సంతోషించాడు. గడిలో టిక్కు పెట్టాడు. ఆమెను ఇటుకల ముందు నిలబెట్టి ఫోటో తీయించుకున్నాడు. ఆమె కెమెరా వైపు చూడలేదు, నా వైపే చూస్తోంది.

"ఏం చెప్తా ఉండాడమ్మా ఆయన?"

"రాసుకుంటా ఉండారు అక్కా," అన్నాను. అదీ నిజమే.

ఆమె నమ్మింది. పెద్దవాళ్ళు రాసుకుంటే ఏదో జరుగుతుందని అనుకుని, టార్పాలిన్ కింద ఒక ఇటుకల దొంతి మీద కూర్చుంది, జవాబు కోసం. పక్కనే మేస్త్రి తాపీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎన్నో కట్టడాల దగ్గర ఇంజనీర్ల ఇంగ్లీషు విన్నవాడు.

"ఆమె చెప్పింది అంతేనామ్మా?" అని అడిగాడు. వినపడనట్టు ముందుకు నడిచాను.

మధ్యాహ్నం షామియానా కింద భోజనాలు. అరిటాకులు వేశారు. ప్లాస్టిక్ పళ్ళాలు వాడనందుకు కూడా ఎక్కడో ఒక గడి ఉందని సలహాదారు గర్వంగా చెప్పాడు. వడ, పాయసం, రెండు రకాల కూరలు. ఆ మడి ఆమెను భోజనానికి పిలవాలని ఎవరికీ తోచలేదు. మేస్త్రి తన క్యారియర్‌లోని అన్నం ఆమెకు సగం పెట్టడం దూరం నుంచి చూశాను. అన్నం గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, నేను సాంబారు రెండోసారి వేయించుకున్నాను.

చెయ్యి కడుక్కుంటుంటే మేస్త్రి వచ్చాడు. "ఒకసారి ఇటు రామ్మా," అని గోడ వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక ఇనప బకెట్టు నీళ్ళతో ఉంది. "మీరు బువ్వకు కూర్చునేటప్పుడు ఏసినా. మూడు వారాలు ఆరిన ఇటుకే, మీ మనుషులు ఎంచి పెట్టినదాంట్లోదే."

బకెట్లో ఇటుక లేదు. ఇటుక ఆకారం ఒకటి ఉంది. రెండు చేతులూ పెట్టి ఎత్తబోతే సగం చేతుల్లోకి వచ్చింది, సగం జావగా జారిపోయింది. ఉడకని సంగటి లాగా వేళ్ళ సందుల్లో నుంచి కారింది.

మేస్త్రి గొంతు పెంచలేదు. "నేను కట్టిన గోడలు ఒకటో రెండో పగుళ్ళిచ్చినాయమ్మా. గోడ పడేదానికి ముందు సద్దు చేస్తాది. చిటచిట అంటాది. లోపలుండేవోళ్ళు లేసి బయటికి వచ్చేస్తారు. ఈ బిడ్డలకు ఆ సద్దు ఇనపడదు గదా."

అంతకు ముందు నేను వంద రిపోర్టులలో ఆ బడి గురించి 'కట్టడం' అని రాసి ఉంటాను. పిల్లలు అనే మాట ఒక్కసారి కూడా రాయలేదు.

బకెట్టు ఎత్తుకుని షామియానాలోకి పోయాను. పరిశీలకుడు పాయసం తాగుతున్నాడు. ఆయన ఆకు పక్కనే బల్ల మీద బకెట్టు పెట్టాను. ఇది పొద్దున మీరు ఫోటో తీసుకున్న ఇటుక అన్నాను. ఆమె నిజంగా ఏం చెప్పిందో మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లీషులో చెప్పాను. నేను సగమే చెప్పానని కూడా చెప్పాను. నేను పరీక్ష చేసింది తిరుత్తణి మన్ను అనీ, ఇది వరి మడి పైమన్ను అనీ, ఇది తేవడం వల్ల ఇక్కడ గోడా నిలవదు, అక్కడ పంటా నిలవదు అనీ చెప్పాను.

సలహాదారుకు ముందు నోరు వచ్చింది. బకెట్టులో నానబెట్టడం ప్రామాణిక పరీక్ష కాదన్నాడు. వాన కూడా ప్రామాణికం కాదు, అయినా పడుతోంది అన్నాను.

పరిశీలకుడు చేతులు తుడుచుకుని, ఫారం తెరిచి, వేలితో గడులు వెతికాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే వెతికాడు. "మేడమ్, ఇటుక నీళ్ళలో నిలుస్తుందా లేదా అనేది నా ఫారంలో లేదు. అది ఇంజనీర్ల బాధ్యత. మన్ను ఎంత దూరం నుంచి వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చింది, దానికి సంతకం చేసిన పత్రం ఉందా, నాకు ఈ మూడే. పత్రం ఉంది కదా?"

ఉంది. కింద నా సంతకమే ఉంది, ఒక్కటి కాదు, వరసగా.

"ఆ పత్రాలు తప్పు. పెట్టింది నేనే. రాసిస్తాను," అన్నాను.

"రాసి పంపండి," అని వాచీ చూసుకున్నాడు. ఆయనకు విమానం ఉంది. కారు దాకా సలహాదారు గొడుగు పట్టాడు.

నేను అప్పుడే సైటు ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం రాశాను. నా మన్ను రిపోర్టును ఈ గోడలకు వాడకూడదని, ఇటుక బలం గురించి ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటున్నానని, లారీల పత్రాల్లో చూడకుండా సంతకాలు పెట్టానని. ఆ కాగితం లేకపోతే గోడ ఒక వరస కూడా పైకి లేవడానికి లేదు. మేనేజరు వెనక నిలబడి చదివాడు.

"ఒక సంవత్సరమే కదమ్మా మిగిలింది. ఇప్పుడెందుకు ఈ వంబు?"

"ఆ బిడ్డలకు చెవులు ఇనపడవు సార్," అన్నాను.

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో పారేస్తాడనుకున్నాను. మరునాడు పొద్దున్నే తానే ట్రస్టు ఆఫీసుకు పోయి పెద్దాయన చేతికిచ్చి వచ్చాడని తరవాత తెలిసింది. అన్నేళ్ళ పరిచయంలో ఆయన కొని తెచ్చుకున్న ఒకే ఒక్క వంబు అది.

బయట ఆ మడి ఆమె ఇంకా కూర్చునే ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అక్కా, పొద్దున నువ్వు చెప్పింది నేను వాళ్ళకు సగమే చెప్పినా."

ఆమె నా మొహం చూసింది. "మిగతా సగం?"

"బువ్వ తిన్నాక చెప్పినా."

"సరే. చెప్పినారు గదా. మన్ను ఎప్పుడు వస్తాది?"

క్షమాపణ అడగాలని నేను మాటలు కూర్చుకుని వచ్చాను. ఆమెకు అవి అక్కర్లేదు. ఇంగ్లీషులో ఎవరు ఎవరితో ఏమన్నారన్నది ఆమె మడిలో వరి మొలిపించదు.

నాలుగు రోజులు వాన ఆగలేదు. అయిదో రోజు ఆదివారం, సైటులో ఎవరూ లేరు. పట్టపగలు ఉత్తరం వైపు కిటికీ గోడ టార్పాలిన్‌తో సహా కూర్చుండిపోయింది. కాపలావాడు టీ తాగడానికి పోయి ఉన్నాడు కాబట్టి బతికాడు. దాని తరవాత నా ఉత్తరాన్ని అందరూ చదివారు. ట్రస్టు పెద్దాయన వచ్చి, కుప్ప చుట్టూ తిరిగి, నాకు ముందే ఎందుకు చెప్పలేదు అని అందరినీ అడిగాడు. అప్పటికి నాలుగు రోజులుగా ఆ ఉత్తరం ఆయన బల్ల మీదే ఉంది. సలహాదారు చాలా పేజీల వివరణ పంపాడు. అందులో గోడ పడటానికి కారణం అనూహ్యమైన వాతావరణ మార్పు అని రాశాడు. ఐప్పసిలో వాన పడటం అనూహ్యమట. మా వైపు పసిపిల్లను అడిగినా ఐప్పసి అంటే వాన అని చెబుతుంది.

మిగిలిన గోడలు కొట్టేశారు. దేనితో కట్టాలనే మాట మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి మేస్త్రిని సమావేశానికి పిలవమని మేనేజరే అన్నాడు. మేస్త్రి కుర్చీలో కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. తిరుత్తణిలో ఒక పాత రైసుమిల్లు పడగొడుతున్నారు, దాని గోడలు సున్నంతో కట్టినవి, సిమెంటుతో కాదు, కాబట్టి ఇటుకలు విరగకుండా ఊడివస్తాయి, తట్టి గీకితే మళ్ళీ వాడుకోవచ్చు.

"కాల్చేది ఎప్పుడో కాల్చేసినారు. మళ్ళా పొగ లేదు, మళ్ళా తవ్వేది లేదు," అన్నాడు.

చదువుకున్న మేమందరం ఇన్ని నెలలు పట్టికల్లో వెతికింది ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు. సలహాదారు మాత్రం తల అడ్డంగా ఊపాడు. పాత ఇటుకకు తయారీదారు ఇచ్చిన పత్రం ఉండదు, పత్రం లేనిదానికి మార్కులు లేవు, పైగా తిరుత్తణి దూరం అన్నాడు. గోడ పడి ఉండకపోతే అతని మాటే నెగ్గేది. నేను ఆ ఇటుకలను నానబెట్టి, నలగ్గొట్టి చూశాను. ఈసారి ప్రతి లారీ నుంచీ తీసి చూశాను. బాగున్నాయి. బడి వాటితోనే లేచింది. ఇప్పటికీ ఉంది, ఒక్క పగులు లేదు.

బడి తెరిచాక కొన్ని నెలలకు ఆకు బొమ్మ ఇత్తడి బిళ్ళ పోస్టులో వచ్చింది. పరిశీలకుడి ఫారం, నేను ఆ సంస్థకు పోస్టు చేసిన ఉత్తరం నకలు కంటే ముందే ఏ బల్ల మీదికో చేరి మార్కులు పడిపోయాయి. దగ్గరి మన్ను వాడినందుకు, స్థానిక రైతు భాగస్వామ్యానికి. ఆ మన్ను గోడలు లేవు, ఆ రైతు మడి గుంటగా ఉంది, బిళ్ళ మాత్రం తిరుత్తణి ఇటుకల గోడకు నాలుగు మరలతో బిగించారు. ట్రస్టు వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. బిళ్ళ తిప్పి పంపాలని నేను రాయలేదు. రాస్తే దానికి ఒక కమిటీ వేసేవాళ్ళు, కమిటీకి ఒక సలహాదారు వచ్చేవాడు.

నన్ను పాత ఫైళ్ళ గదికి మార్చారు. శిక్ష అని ఎవరూ అనలేదు, విశ్రాంతి అన్నారు. ఆ విశ్రాంతి మడి పనికి బాగా ఉపయోగపడింది.

మొదట సైటులో సిమెంటు కలపకుండా మిగిలిన మన్ను కుప్పను మేనేజరు అనుమతితో తామరైపాక్కం చేర్చాను. గుంటలో అది ఒక మూలకు కూడా చాలలేదు. సిమెంటు కలిసిన గోడల మన్ను పొలానికి పనికిరాదు. వేసవిలో ఏరి, అంటే చెరువు, పూడిక తీసేటప్పుడు అడుగున పేరుకున్న వండల్ మన్ను రైతులు తోలుకోవడానికి సర్కారు అనుమతి ఇస్తుంది. దానికి అర్జీ రాయాలి, పట్టా నకలు జతచేయాలి, ఊరి అధికారి సంతకం, తాలూకా ఆఫీసు సంతకం. జీవితమంతా కాగితాలు నింపినదాన్ని కదా, ఒక్కసారి సరైన కాగితం నింపాను. సంతకం పెట్టే ముందు ఏరి దాకా పోయి మన్ను చేత్తో పట్టి చూసి వచ్చాను. ట్రాక్టర్లు రెండు వేసవులు తోలాయి. ఆమె గట్టు మీద నిలబడి ప్రతి ట్రాక్టరూ ఎక్కడ పోయాలో చెప్పింది. తన మడిలో ఏ మూల ఎంత లోతు పోయిందో ఆమెకు కొలత లేకుండా తెలుసు.

మన్ను నిండితే పని అయిపోయిందనుకున్నాను. సామాను పరీక్షలు చేసేవాళ్ళ బుద్ధి అంతే, గుంట నిండితే లెక్క సరిపోయిందనుకుంటారు. మొదటి ఏడు వరి చక్కగా పచ్చగా పెరిగి, కోసి చూస్తే అంతా తాలు. రెండో ఏడు ఆమె వరి వేయలేదు. జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగాక అట్లే తొక్కించి మడిలో కలిపేసింది. మూడో ఏడు గొర్రెల మందను కట్టించింది. నేను అప్పటికి రిటైరయ్యాను. తీరిక దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయేదాన్ని. మొదట్లో మీరు అనేది, తరవాత నువ్వు అయింది, పోయినసారి నన్ను చూడగానే చేతికి కొడవలి ఇచ్చింది.

కోత మొదలుపెట్టే ముందు ఆమె నాలుగు కంకులు దూసి అరచేతిలో నలిపి, ఊది, నాకు చూపించింది. గింజలు నిలిచాయి, పొట్టు ఎగిరిపోయింది.

"ఇంక పరవాలేదు కదా అక్కా?" అన్నాను. నాకు ఆ మాట ఆమె నోట వినాలని ఉంది, దాచడమెందుకు.

"తాలు తగ్గింది," అంది. "పరవాలేదు అనేదానికి ఇంకా శానా ఉండాది."

"ఇంకా ఎన్నేండ్లు పడ్తాది?"

"నాకేం తెలుసు. మన్ను పోస్తే అయ్యేది కాదిది. పురుగు రావాల, వేరు కుళ్ళాల, మళ్ళా వేరు దిగాల. నేనుండంగా అయితే నేను చూస్తా. లేకపోతే నువ్వు చూడు."

గింజలు కొంగున కట్టుకుని మడిలోకి దిగింది. నాలుగు అడుగులు పోయి వెనక్కి తిరిగింది.

"కోత అయినాక మళ్ళా జీలుగ చల్లాల. పొద్దున్నే రా. ఎండెక్కితే నీ చేత కాదు."